ఆరు గీతల గాలి

షిఫ్టు 3906

ఓదెలన్న ఇవాళ డ్రిల్లు పట్టుకునే పడిపోయాడు. కంపెనీ రిజిస్టరులో “కార్మికుడు చీ విరామం తీసుకొనెను” అని రాశారు. అందుకే నేను వేరే పుస్తకం మొదలుపెట్టాను. ఇందులో పడిపోయినవాడు పడిపోయాడనే ఉంటుంది.

నా పేరు కొమురమ్మ. మాది ‘ఏ’ బ్లాకు, రెండో డ్రిల్లు. బడికి పోలేదు. గాలి ప్లాంటులో యంత్రాలు తుడిచే డ్యూటీ పడినప్పుడు, ఆ యంత్రాల పుస్తకం ముందేసుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. రాతలో తప్పులుంటే ఉండనీ.

డ్రిల్లుకు ఇద్దరం. ఓదెలన్న ముందు పట్టు, నేను వెనక పట్టు. మంచుగోడలో మూడో బొక్క సగం దిగింది. డ్రిల్లు ఒక్కసారిగా నా మీదికి బరువెక్కింది. చూస్తే అన్న మోకాళ్ల మీద ఉన్నాడు. పెదాలు నేరేడుపండు రంగు.

“అన్నా, లే. లేస్తవా?”

“లేస్త పిల్లా. గోడ జర దగ్గరికొచ్చింది, గంతే.”

గోడ రాలేదు. ఆయనే దాని మీదికి పోయాడు.

చందమామ అడుగున, ఎండ ఎన్నడూ పడని గుంతలో మేం మంచు తవ్వుతాం. ఆ మంచును పైన ప్లాంటులో విరిచి గాలి తీస్తారు. ఆ గాలిని పీపాల్లో బిగించి ఓడలకెక్కిస్తారు. ఎక్కించగా మిగిలింది గొట్టాల్లో మాకు దిగుతుంది. మనిషికి మీటరు మీద ఆరు గీతలు. డ్రిల్లు పట్టే ఒంటికి పద్నాలుగు కావాలి. అందుకే నాలుగు నిమిషాలు పనిచేసి రెండు నిమిషాలు గోడకు ఒరుగుతాం. ఆ ఒరగడానికి కంపెనీ పెట్టిన పేరే చీ విరామం. చీ అంటే చైనా వైద్యంలో ఒంట్లో పారే ఊపిరి బలం.

ఇంకొకటి కూడా రాయాలి, రాయకపోతే ఈ పుస్తకం కూడా వాళ్ల రిజిస్టరులాంటిదే అవుతుంది. పోయినేడు మాకు ఏడు గీతలుండేవి. ఏడును ఆరు చేసిన మొనగత్తెను నేనే.

షిఫ్టు 3908

సూయున్ పెద్దమ్మ ఓదెలన్నను చూడటానికి వచ్చింది.

మొదటి జట్టుతోపాటు ముప్ఫై ఏళ్ల కిందట దిగిన చైనా వైద్యురాలు ఆమె. సూదులు పెడుతుంది, నాడి చూస్తుంది, ఊపిరి నేర్పుతుంది. తెలుగు మా దగ్గరే నేర్చుకుంది, కాబట్టి తిట్లు ముందొచ్చాయి, మిగతాది తర్వాత వచ్చింది. ప్రతి హాల్లోనూ ఆమె బొమ్మ ఉంటుంది. బొమ్మ కింద పెద్దక్షరాలతో: “తక్కువ శ్వాస, ఎక్కువ చీ.”

ఓదెలన్న మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి చాలాసేపు కళ్లు మూసుకుంది. నాలుక చాపమంది.

“మూడు వేళ్లు పెట్టి ముప్ఫై రోగాలు చెప్తది సూడు పెద్దమ్మ,” అన్నాడు అన్న.

“ఊకో. నాలుక లోపల పెట్టు, వాగుడు కూడా.” ఆయన రొమ్ము పక్క నుంచి చేతి పొడుగునా బొటనవేలి దాకా వేలితో ఒక గీత గీసింది. “ఇది ఊపిరితిత్తుల దారి. చీ ఇందులో నడవాలె. నడుస్తలేదు. వట్టిపోయింది.”

“ఏం చెయ్యాలె?” అన్నాను.

“తినాలె. పండాలె. గాలి పీల్చాలె.”

“గాలా?”

“అవ్ బిడ్డా, గాలి. ఎక్కువ.”

“మరి నీ బొమ్మ కింద ఏం రాసుంది? ఆ బొమ్మ కింద కూసోబెట్టే కదా మమ్ములను ఇట్ల చేసిన్రు?”

“ఆ మాట నాది కాదు.”

“బొమ్మ నీదే కదా!”

ఆమె సూదుల పెట్టె మూయబోయి ఆగింది. “నేను నేర్పింది ఊపిరిని బొడ్డు కిందికి దించుడు. మూడు వేళ్ల కిందికి. మెత్తగ, లోపలికి ఒక అల, బయటికి ఒక అల. అది మోకాలి నొప్పికి, నిద్ర పట్టనోళ్లకు, భయానికి. నువ్వు నేర్చుకున్నది ఊపిరి ఆపుడు. నువ్వు మంచిగ ఆపినవ్. అందరికీ నేర్పినవ్.”

నిజమే. గాలి పీల్చాక నాలుక అంగిలికి గట్టిగా నొక్కి పొట్ట బిగిస్తే నిమిషానికి మూడు ఊపిర్లతో గంట గడిపేయొచ్చు. నా కిటుకది. ఏడాదికోసారి బ్లాకును హాల్లో మూసి గంటసేపు గాలి కొలుస్తారు, అప్పుడు ఎంత పీలిస్తే ఏడాదంతా మాకు అంతే గాలి. ఆ కొలత రోజుకు ముందు బ్లాకంతా కూర్చోబెట్టి నేర్పాను. నాకు దండ వేశారు.

“తప్పని ఎవరికైనా చెప్పినవా నువ్వు?” అన్నాను చివరికి.

“కొలత చూసే భానోజీ సారుకు రాసిచ్చిన. రెండుసార్లు.”

“మూడోసారి?”

పెట్టె మూసుకుని వెళ్లిపోయింది. ముసలావిడ నడక కూడా మెత్తగానే ఉంటుంది. నాకు ఆ మెత్తదనం మీదే కోపమొచ్చింది.

షిఫ్టు 3911

గీత దాటినవాళ్ల జాబితా అంటించారు. అందరి రొమ్ముకూ పట్టీ ఉంటుంది, ఎవరెంత పీల్చారో అది చెబుతుంది. బ్లాకు గీతకు రెండు పైన దాటితే జాబితా. మా బ్లాకులో ఒకటే పేరు: ఓదెలు, పదిహేను గీతలు. మిగతావాళ్లం ఊపిరి బిగబట్టి ఎనిమిదికి లోపల ఉన్నాం. ఆయనకు చేతకాదు. ఆయన ఛాతీ మా అందరి ఛాతీల కన్నా వెడల్పు, అందులో సగం మంచు పొడి.

కొలత రోజు ఇంకా తొమ్మిది షిఫ్టుల్లో ఉంది. కొత్త గీత వచ్చాక కూడా పేరు జాబితాలో ఉంటే నిద్రగదికి పంపుతారు. చల్లటి అరలో పడుకోబెట్టి, ఒప్పందం ముగిసేదాకా లేపరు. ఓదెలన్నకు ఇంకా ఆరేళ్లుంది. బి బ్లాకులో ఒకతను నాలుగేళ్ల తర్వాత లేచి పెళ్లాన్ని చూసి “ఎవరమ్మా మీరు?” అన్నాడు. ఆమె ఇప్పటికీ రోజూ తన పేరు చెప్పి అన్నం పెడుతుంది.

మా బ్లాకు పెద్ద పోశాలన్న మాత్రం కొలతకు తయారీ మొదలుపెట్టాడు. గెలిచిన బ్లాకుకు పైన కిటికీ గదిలో పది షిఫ్టులు. ఆ కిటికీలోంచి భూమి కనపడుతుంది. నేను పోయినేడు చూశాను. బాగుంది, కాదనను.

“ఈసారి ఐదు కొట్టాలె,” అంటున్నాడు పోశాలన్న. “బి బ్లాకోళ్లు ఐదున్నర దాకా వచ్చిన్రట. కొమురీ, నీ కిటుకు ఇంకోసారి చూపియ్యి.”

“ఓదెలన్న సంగతేంది?”

“ఆయన రాతకు మనమేం చేస్తం?”

“రాత పైనోడు రాయలే. మనం కూసుని రాసినం.”

“నోరు మస్తు లేస్తుంది నీకు,” అన్నాడు. కానీ నా కళ్లలోకి చూడలేదు. అదెందుకో అప్పుడు అర్థం కాలేదు.

షిఫ్టు 3914

దొరికింది.

గాలి ప్లాంటు యంత్రాల పుస్తకం చివర్లో, ఎవరూ తిప్పని చోట, కొలత నియమాలున్నాయి. పేజీ 212. నేను చదవడం నేర్చుకున్నది ఈ పుస్తకంలోనే, కానీ చివరిదాకా ఎప్పుడూ రాలేదు. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను:

“కొలత గంటలో కార్మికులు తమ సాధారణ పని స్థితిలో ఉండవలెను. గంట ముగియక మునుపు కొలతను ఆపినచో, ఆపిన అధికారి కారణము రాసి సంతకము చేయవలెను.”

సాధారణ పని స్థితి! కూర్చోమని ఎక్కడా లేదు. చేతులు కట్టుకోమని లేదు. కళ్లు మూసుకోమని లేదు. పన్నెండేళ్లుగా మా అంతట మేమే కూర్చుంటున్నాం.

పుస్తకం చంకలో పెట్టుకుని పోశాలన్న దగ్గరికి పరుగెత్తాను. పరుగెత్తినందుకు నా పట్టీ కూసింది. కూయనీ.

ఆయన ఆ రెండు వాక్యాలు చదివాడు. మళ్లీ చదివాడు. మంచం మీద కూలబడ్డాడు.

“మొదటి కొలతకు నేనే పెద్దను,” అన్నాడు. “పైనుంచి పెద్దసారు వస్తుండు అన్నరు. ఆయన ముందట గడ్డపారలేసుకుని, చెమటలు కార్చుకుంట ఉంటే బాగుంటదా? మర్యాద కాదు కదా. అందరినీ స్నానం చేయించిన. కడిగిన బట్టలేసుకుని, వరుసల కూసుని, చేతులు కట్టుకోమన్న. పిల్లి లెక్క కూసున్నం గంటసేపు. పెద్దసారు మెచ్చుకున్నడు. ఎంత క్రమశిక్షణ అన్నడు. ఏడు గీతలొచ్చినయ్. అంతకుముందు గొట్టం తెరిచే ఉంటుండె, కొమురీ. కొలతే లేకుండె.”

“ఎవరూ అడగలేదా?”

“అడిగిన్రు. ఓదెలే అడిగిండు. ‘అన్నా, పని చేసుకుంట కొలిస్తే కదా తెలిసేది’ అన్నడు. పెద్దల ముందట ఎక్కువ మాట్లాడకురా అని కూసోబెట్టిన.”

అప్పుడు తెలిసింది నా కళ్లలోకి ఎందుకు చూడలేదో.

షిఫ్టు 3917

బ్లాకంతా భోజనాల దగ్గర కూడాం. యాభై ఎనిమిది మందిమి. సూయున్ పెద్దమ్మ కూడా వచ్చింది, పిలవకుండానే. నేను పేజీ 212 గట్టిగా చదివాను. కొలత హాల్లోకి మంచు దిమ్మెలు, గడ్డపారలు, తోపుడు బండ్లు తీసుకెళ్దాం, గంటసేపు మన పని మనం చేద్దాం అన్నాను.

ఒక్కసారిగా అందరూ మీద పడ్డారు.

“కిటికీ గది పోతది!”

“గాలి మొత్తం బంద్ చేస్తే?”

“ఇది మోసం కాదానే?”

ఆ మోసం అన్న మాటకు నా ఒళ్లు మండింది. “కూసుంటే మోసం! పన్నెండేళ్లుగా మోసం చేస్తున్నం, మన ఛాతీలనే! గంటసేపు శవాల లెక్క నటించి, ఏడాదంతా బతికున్నోళ్ల పని చేస్తున్నం. నేను ఎక్కువ పీల్చమంటలేను. ఎగరమంటలేను. షిఫ్టుల ఎంత చేస్తమో అంతే. ఒక్క గీత కూడా దొంగ గీత వద్దు.”

ఓదెలన్న మూలన గోడకు ఒరిగి ఉన్నాడు. “నా కోసమైతే వద్దురా,” అన్నాడు. “పండుకుంట. ఆరేళ్లు పండుకుంటే నడుము నొప్పన్నా తగ్గుతది.”

ఎవరూ నవ్వలేదు.

పోశాలన్న లేచి నిలబడి మొదటి కొలత కథ మొత్తం చెప్పాడు. స్నానాలతో సహా. ఓదెలన్నను కూర్చోబెట్టిన సంగతితో సహా. నేను వచ్చాక ఆ మనిషి తప్పు ఒప్పుకోవడం ఎన్నడూ చూడలేదు. చెప్పి, “నా బండి నేను తోస్త. మీ ఇష్టం,” అని కూర్చున్నాడు.

అప్పుడు సూయున్ పెద్దమ్మ గొంతు సవరించుకుంది.

“కొలత మొదలుపెట్టే గంట నా చేతుల ఉంటది. కూసోండి అని చెప్పేది నేను. చైనాల నా గురువు నాకు ఊపిరి ఎందుకు నేర్పిందో తెలుసా? మనిషి నిండుగ బతకాలని. తక్కువ బతకాలని కాదు. నేను రెండుసార్లు రాసిచ్చి, చేతులు కడుక్కున్న.” నా వైపు చూసింది. “మూడోసారి ఏం చేసినవ్ అని ఇది అడిగింది. నాకు నిద్ర పట్టలే. నిద్ర పట్టనోళ్లకు మందు చెప్పేదాన్ని, నాకే పట్టలే.”

“అయితే ఏం చేస్తవ్ పెద్దమ్మా?” అన్నాడు ఎవరో.

“గంట కొడ్త. కూసోమని చెప్ప.”

షిఫ్టు 3920

కొలత అయిపోయింది. ఇప్పుడే రాయాలి.

హాల్లోకి మంచు దిమ్మెలు బండ్లతో సహా ముందే చేర్చాం, గడ్డపారలు దిమ్మెల వెనక దాచాం. చల్లదనం కోసమని భానోజీ సారుకు చెప్పాం. ఆయన సాక్షి అధికారి, గంటసేపు మాతోపాటే లోపల ఉండాలి. నున్నగా దువ్విన తల, చేతిలో కాగితాల అట్ట. తలుపు మూసుకుంది. సూయున్ పెద్దమ్మ గంట కొట్టింది.

సారు కళ్లు మూసుకున్నాడు, ఆయనకూ అలవాటే. మొదటి గడ్డపార దెబ్బకు తెరిచాడు.

“ఏమిటిది? కూర్చోండి! పెద్దమ్మగారూ, కూర్చోమని చెప్పండి!”

“సాధారణ పని స్థితి సార్, పేజీ 212,” అన్నాను. పుస్తకం తెరిచి ఆయన చేతిలో పెట్టాను. “ఆపాలంటే ఆపండి. కారణం రాసి సంతకం పెట్టండి. ‘కార్మికులు పని చేయుచున్నందున ఆపితిని’ అని రాయండి.”

ఆయన కలం తీశాడు. కాగితం చూశాడు. కలం జేబులో పెట్టుకున్నాడు.

యాభై ఎనిమిది మందిలో నలభై మంది మొదటి నిమిషం నుంచే పట్టారు. మిగతావాళ్లు గోడల వెంట కూర్చుని చూశారు. నేను వాళ్లను ఏమీ అనలేదు. పది నిమిషాలకు ఒకామె లేచి బండి తోసింది. తర్వాత ఇద్దరు. సగం గంటకు ఒక్కరు కూడా కూర్చుని లేరు, ఓదెలన్న తప్ప. ఆయన దిమ్మె మీద కూర్చుని ఎవరి దెబ్బ తప్పుతుందో చెబుతూ, నోరారా గాలి పీలుస్తున్నాడు. పన్నెండేళ్ల గాలి ఒక్కసారే పీల్చే మనిషిలా.

హాల్లో మిగిలిన గాలిని చూపే మీటరు ముల్లు దిగుతోంది. ఎర్రగీతను తాకితే తలుపు దానంతటదే తెరుచుకుంటుంది, కొలత చెల్లదు. అందుకే నేను అరుస్తూనే ఉన్నాను: “షిఫ్టుల ఎంతో అంతే! ఎక్కువొద్దు!” ఆవేశంలో మనిషికి రెండింతలు కొట్టాలనిపిస్తుంది. నాకూ అనిపించింది. అదే అన్నిటికన్నా కష్టమైన సంగతి: కోపమంతా చేతిలో ఉన్నా, రోజూ వేసే దెబ్బే వేయడం.

నలభై ఐదో నిమిషానికి గాలి పలచబడింది. మాకు కొత్త కాదు. భానోజీ సారుకు కొత్త. పైన ఆయన గదిలో గొట్టానికి గీతలుండవు. మెడ చుట్టూ కాలరు లాక్కుంటున్నాడు. గోడ పట్టుకున్నాడు.

“తలుపు... తలుపు తీయండ్రా. ఊపిరాడతం లేదు. ఓలమ్మో, సచ్చిపోతానేటి...”

ఇన్నేళ్లలో ఆయన నోట ఆయన ఊరి మాట వినడం అదే మొదలు.

“సంతకం పెడితే తీస్తరు సార్,” అన్నాను. నాకు జాలి లేదు. అబద్ధం రాయను, లేదు.

సూయున్ పెద్దమ్మ నన్ను పక్కకు జరిపింది. ఆయనను నేల మీద కూర్చోబెట్టి, అరచేయి ఆయన బొడ్డు కింద పెట్టింది. “సారూ, ఇటు చూడు. నా చేతిని నెట్టు. ముక్కుతోటి. మెల్లగ. ఆపొద్దు, ఆపొద్దు, దించు. ఇగ వదులు. పొడుగ్గ వదులు. మళ్లీ.”

ఆయన నెట్టాడు. వదిలాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. నాలుగైదు అలలకు భుజాలు దిగాయి, పెదాలకు రంగొచ్చింది. నేను గడ్డపార దించి ఆ చేతినే చూస్తూ నిలబడ్డాను. ఆమె నేర్పింది ఇదన్నమాట. భయపడ్డ మనిషికి చేయి ఆసరా. దీన్ని గోడ మీద రాసి మా గొంతు నొక్కారు.

“ఇన్నాళ్లూ ఇలాగే ఉంటాదేటి మీకు?” అన్నాడాయన.

“రోజూ,” అన్నాడు పోశాలన్న, బండి తోస్తూనే.

గంట మోగింది. ముల్లు ఎర్రగీతకు వెంట్రుకవాసి పైన ఆగింది. మీటరు కాగితం దానంతటదే ముద్రించింది: ‘ఏ’ బ్లాకు, పద్నాలుగు గీతలు.

భానోజీ సారు కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు. “ఇందులో నేను పీల్చింది కూడా ఉంది కదమ్మా?”

“ఉంది సార్. ఎక్కువే పీల్చిన్రు,” అన్నాడు ఓదెలన్న. హాలంతా నవ్వింది. నవ్వుకు కూడా గాలి ఖర్చవుతుంది, తెలుసు. కొలత అయిపోయింది కదా.

ఆయన సంతకం పెట్టాడు.

షిఫ్టు 3921

పద్నాలుగు గీతకు పదిహేను ఒకటే ఎక్కువ. నియమం ప్రకారం ఓదెలన్న జాబితాలో లేడు. పొద్దున నేనే పోయి గోడ మీది ఆయన పేరు గోటితో గీకాను. గీకుతుంటే ఎవరూ ఆపలేదు.

మధ్యాహ్నానికి పైనుంచి ఆర్డరు దిగింది. నిన్నటి కొలత “అసాధారణ ప్రవర్తన” వల్ల చెల్లదట. నాలుగు షిఫ్టుల్లో మళ్లీ కొలుస్తారట. కార్మికులు కూర్చుని ఉండాలట. సూయున్ పెద్దమ్మను గంట కొట్టే పని నుంచి తీసేశారట. ఆర్డరు కింద భానోజీ సారు సంతకం లేదు. వేరే ఎవరిదో ఉంది.

సూయున్ పెద్దమ్మ విని, సూది ఒకటి తీసి దీపం వెలుగులో చూసుకుంటూ, “మంచిది. గంట బరువుండె,” అంది.

నేను ఆర్డరు వెనక రాసి తిరిగి పంపాను: “ఎన్నిసార్లు కొలిచినా పద్నాలుగే. కూర్చోబెట్టాలంటే ముందు పేజీ 212 చింపండి. మా దగ్గర నకళ్లున్నాయి.” కింద యాభై ఎనిమిది వేలిముద్రలు. ఇంతకాలం సంతకం చేయడమే గొప్ప అనుకునేదాన్ని, కానీ అందరితోపాటు నేనూ వేలిముద్రే వేశాను.

ఏమవుతుందో తెలియదు. గొట్టం నొక్కొచ్చు. నొక్కితే మంచు ఎవరు తవ్వుతారో వాళ్లే ఆలోచించుకోవాలి.

సాయంత్రం షిఫ్టు మొదట్లో బి బ్లాకు పెద్ద గౌరక్క మా వాకిట్లోకి వచ్చింది. ఏడాదిగా నాతో మాట్లాడని మనిషి, పోయినేడు నా వల్లే కిటికీ గది పోయిందని. నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

“ఏమే కొమురీ. ఐదు గీతలకు తయారు చేసిన నా బ్లాకును. ఐదు! ముందుగాల చెప్పొద్దా?”

“చెప్తే నమ్ముదువా?”

“నమ్మకపోదును.” కాసేపు తలుపు చెక్కను గోకింది. “మా కొలత ఇప్పుడే. ఎర్రగీత తాకకుండ ఎట్ల ఆపిన్రు?”

“రోజు కొట్టినట్టే కొట్టున్రి. కోపంతోటి కొట్టకున్రి.”

“నువ్వా చెప్పేది!” అని నవ్వి వెళ్లిపోయింది.

ఓదెలన్నా నేనూ వాళ్ల హాలు వెనక నడవలో కూర్చున్నాం. తలుపు మూసుకున్న చప్పుడైంది. గంట మోగింది. ఆ తర్వాత ఏమీ లేదు. ఐదు నిమిషాలు. ఎనిమిది. ఓదెలన్న నా వైపు చూడటం మానేశాడు. నేను రాతిగోడకు చెవి ఆనించాను, వీపు ఆనించాను, అరచేతులు ఆనించాను.

పదో నిమిషాన గోడ అవతల గడ్డపార మంచు మీద పడింది. ఒక్కటే దెబ్బ. దాని వెనక ఇంకొకటి. తర్వాత లెక్కపెట్టడానికి వీల్లేనన్ని.